తెరచాటునుండి రంగముమీదికి

శివరాత్రినాటికి శ్రీశైలమునకు సాగిపోవు భక్తజనమును పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమున వర్ణించుచు, ఆ జనసందోహము నడుమ పాడువారిని, ఆడువారిని, తెరమరుగున బొమ్మలను నిలిపి పురాణకథల నాడించువారిని కూడ విడువక పేర్కొనెను. 13వ శతాబ్ది నాటి ఆ వర్ణనమునుబట్టి చూడగా, కర్నూలు సీమయందలి నల్లమల కొండలలో జనమును రంజింపజేసి పొట్టపోసికొను వృత్తి ఏడువందల యేండ్లకు పూర్వమే వేళ్ళూనియుండెనని చెప్పవచ్చును. శివరాత్రినాడు కన్ను మూయరాదు. ఉపవాసమున్న జనము తెల్లవారుదాక మేలుకొనియుండవలెను. వారిని మేలుకొల్పియుంచుట ఆటవారి పని. రెండవజామున రెప్పలు బరువెక్కిన వానిని మూడవజామునకు నవ్వించి లేపగలిగినవానికే మరుసటియేడు ఆ కొండమీద ఆదరము దొరకియుండును. రాయలసీమ ఆటగాండ్రకు ప్రథమ పాఠశాల ఆ జాగరమేయని నా విశ్వాసము.

ఆడువారికిని చూచువారికిని నడుమగల బంధము వట్టి కాలక్షేపముతో తీరిపోవునది కాదనుటకు కడప సీమలో మరియొక ప్రబల సాక్ష్యము కలదు. కర్నల్ కాలిన్ మెకంజీ వ్రాయించి కూర్చిన గ్రామవృత్తాంతములగు కైఫీయతులలో మాచుపల్లె కైఫీయతు ఒకటి. అందులోని కథ 16వ శతాబ్ది తొలినాళ్ళకు చెందినది. సిద్ధవటము సీమ నేలుచుండిన సమ్మెట గురవరాజు ధనము రాబట్టుటకై స్త్రీలను సైతము క్రూరముగా హింసింపజేయుచుండెను. ఆ దారిని పోవుచుండిన కూచిపూడి భాగవతులు ఆ ఘోరమును కన్నులార చూచిరి. పిదప వారు విజయనగరము చేరి వీరనరసింహరాయల సమ్ముఖమున కేళిక పట్టినప్పుడు, ఒకడు గురవరాజు వేషమును, ఒకడు బంటు వేషమును, ఒకడు హింసకు లోనైన స్త్రీ వేషమును ధరించి, తాము చూచినదానిని చూచినట్లు ప్రదర్శించిరి. రాయలు ఆశ్చర్యపడి, ఇదెక్కడి కథయని విచారించి, సత్యమెరిగిన వెంటనే సైన్యమును పంపి గురవరాజును పట్టించి దండించెను. అర్జీ వ్రాసికొను చదువు గాని, నోరు తెరచి చెప్పుకొను ధైర్యము గాని లేని ఆ స్త్రీల గోడు రాజు చెవిని పడుటకు వేషగాండ్రే శరణమైరి. తన యెదుట కూర్చున్నవాడు మహారాజైనను వానిచేత ‘ఇది యెవరి కథ?’ అని అడిగింపగలిగిన ఆటకు మించిన ఆట యేమున్నది?

అయితే కూచిపూడివారు ఈ సీమకు అతిథులు, వచ్చి పోయినవారు. ఈ ఎండిన నేలమీదనే నిలిచి, ఇచ్చటి ప్రజల చేతిమీదుగా పెరిగి, పిదప ఆంధ్రదేశమంతట వ్యాపించిన ఆటవారి చరిత్ర వేరొకటి కలదు. దానిని చెప్పుటకే ఈ వ్యాసము.

మహారాష్ట్ర దేశమునుండి తరలివచ్చి, ఇంట మరాఠీ మాటలాడుచు, బయట తెలుగు పాడుచు, ఊరూర తోలుబొమ్మలాడించి జీవించిన కుటుంబములు రాయలసీమలో పెక్కు గలవు. వారి పనితనమును దగ్గరనుండి చూచినవానికిగాని అందలి శ్రమ బోధపడదు. మేకతోలును వెలుతురు పారునంత పలుచగా గీచి, కత్తిరించి, నగల నకిషీని చిన్న చిన్న రంధ్రములుగా తొలిచి, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగులు పూసి, భుజము, మోచేయి, మణికట్టు వేరువేరుగా కదలునట్లు దారముతో కీళ్ళు కట్టి, నిలువున వెదురుబద్ద నిగిడించిన పిమ్మట ఆ బొమ్మ ఆటకు సిద్ధమగును. ఆంధ్రుల బొమ్మలు మనిషి నిలువంత పెద్దవి. తెల్లని తెర వెనుక ఆముదపు దీపములు పెట్టి, ఆట లేని బొమ్మలను ఈతముళ్ళతో తెరకు గ్రుచ్చి నిలిపి, ఆట ఉన్న బొమ్మను చేతబట్టి, పాడుచు, మాటలాడుచు, పాదముల క్రింది చెక్కలను తొక్కి యుద్ధరంగపు చప్పుళ్ళు పుట్టించుచు, ఒక్కొక్కడు ముగ్గురి పని చేయును. రావణునకు మగవాడు గొంతు నిచ్చును. సీతకు, మండోదరికి ఆ యింటి ఆడుది గొంతు నిచ్చును. కథ బరువెక్కినప్పుడు హాస్యపాత్రలగు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి దుమికి, ఆ యూరి కరణమును, ఆ యూరి షావుకారును కూడ ఆటలోనికి లాగి జనమును నవ్వింతురు. ఏ యూర ఏ మాట పేలునో ముందుగా విచారించి తెలిసికొనుట బొమ్మలాటవారికి ఆటలో సగము పని.

ఈ నేలమీద ఆటను నమ్ముకొని బ్రతుకుట సామాన్యము కాదు. సుంకేసులయొద్ద తుంగభద్రకు ఆనకట్ట వేసి కడపదాక త్రవ్విన కాలువ వెంబడి కొంత మాగాణి పచ్చబడినను, ఈ సీమలో అధికభాగము వానచినుకునకై ఆకసమువైపు చూచు మెట్టనేలయే. 1876 మొదలు 1878 వరకు పీడించిన మహాక్షామమును ఈ సీమవారు ధాత కరువని తరతరములు చెప్పుకొనిరి. గింజలేని యూర ఆటకు చోటెక్కడిది? అయినను ఒక్క విశేషము గమనింపదగినది. వాన పడనప్పుడు విరాటపర్వము చదివించుట, బొమ్మలాట ఆడించుట తెలుగు పల్లెల ఆచారము. కలిగినకాలమున వేడుకకు, లేనికాలమున మ్రొక్కుబడికి బొమ్మలవారిని పిలిచిరి. కరువు ఆటవాని నోటి కూటిని లాగుకొన్నను, వానితో ఊరికి గల అవసరమును మాత్రము తుడిచివేయలేకపోయినది. క్షామము తీరి పదియేండ్లయినను కాకమునుపే, ఈ సీమ నడిబొడ్డున ఒక నాటక వృత్తి పుట్టుటకు ఈ అవసరమే ఆధారమని నాకు తోచుచున్నది.

1885లో కడప మండలమున సురభి గ్రామమందు, ఒక వివాహ సందర్భమున, బొమ్మలాటవారగు వనారస వంశీయులను, ఈమారు బొమ్మలను కాక మీరే వేషములు కట్టి ఆడుడని గ్రామపెద్దలు కోరిరి. వనారస గోవిందరావు ప్రభృతులు ‘కీచకవధ’ నాడిరి. విరాటపర్వ కథయే తొలినాటకమగుట కేవలము యాదృచ్ఛికము కాదనుకొందును. బొమ్మలతో వందలమార్లు ఆడియున్న కథ, వినువారికి కంఠస్థమైన కథ, నోటికి వచ్చిన కథ అదియే. నాటినుండి ఆ యూరి పేరు ఆ కుటుంబములకు ఇంటిపేరువలె అంటుకొన్నది. నటి కమలాబాయియైనను, నటుడు బాబ్జీయైనను, ఎవరు ఎక్కడ పుట్టి ఎక్కడ పెరిగినను, పేరుకు ముందు సురభి యని చేర్చి పిలుచుట దేశమునకు అలవాటైనది. గోవిందరావు నెలకొల్పిన శ్రీ శారదా మనోవినోదినీ సంగీత నాటక సభ పిదప శాఖోపశాఖలుగా విస్తరిల్లినది.

దాదాపు అదే కాలమున తెలుగు నాటకమునకు వేరు జన్మస్థానములును ఏర్పడినవి. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము తన విద్యార్థులచేత నాటకములాడించెను. 1886లో బళ్ళారియందు ధర్మవరము రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను స్థాపించెను. అచ్చటనే కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమ సభను నడపెను. ఇరువురును వకీళ్ళే. తాడిపత్రిలో పుట్టి, బళ్ళారిలో న్యాయవాదిగా పేరొంది, 1928లో ఇంగ్లండు వెళ్ళి అచ్చటి నటులను, బెర్నార్డు షాను కలిసికొనిన నటుడు రాఘవయు వకీలే. వారి ప్రతిభను తక్కువచేసి చెప్పుట నాకు సమ్మతము కాదు. పగలంతయు కోర్టులో వాదించి, రాత్రి రంగమెక్కిన ఆ మహానుభావులు తెలుగు నాటకమునకు పాండిత్యగౌరవము తెచ్చిరి. కాని మన నాటకరంగ చరిత్రలు ఆ సభలకు ప్రకరణములు కేటాయించి, సురభివారికి ఒక పేరాయో, రెండో విదిలించుట మాత్రము అన్యాయము. వకీలు నాటకము రక్తికట్టకపోయినచో మరునాడు కోర్టునకు పోవును. సురభి నటునికి నాటకము రక్తికట్టకపోయినచో మరునాడు పొయ్యిలో పిల్లి లేవదు. ఈ భేదము వారి కళను ఎట్లు తీర్చిదిద్దినదో విచారింపక తెలుగు రంగస్థలమును వర్ణింపబూనుట తగదు.

పొట్టకూటికై ఆడువాడు చూపరిని ఎంచుకొనజాలడు. ప్రొద్దుటూరిలో దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారము వేంకటశేషశాస్త్రి కలిసి అవధానము చేసినప్పుడు సభలోనివారు సమస్య నియ్యగలవారు, దత్తపది నడుగగలవారు. సురభి డేరాలో నేలటిక్కెట్టువాడు, బెంచీవాడు, కుర్చీవాడు ఒక్క కప్పు క్రింద కూర్చుండెడివారు. కుర్చీలోనివానికి రాగము కావలెను. బెంచీమీదివానికి పద్యము కావలెను. నేలమీదివానికి యుద్ధము, హాస్యము కావలెను. తల్లి ఒడిలోని పసివానికి రెక్కల గుఱ్ఱమో, పామో, నిప్పో కావలెను. వీరిలో నేలవాడే సంఖ్యలో మిన్న. వానికి నచ్చనిచో పదినిముషములలో ఈల మొదలగును; నచ్చినచో ‘వన్స్‌మోర్’ అని కేకవేసి, పద్యమును మరల ఆలాపనతోకూడ పాడించుకొనును. చచ్చి పడియున్నవాడైనను లేచి పాడవలసినదే. నాటకమున రసభంగమగునని పండితులు దీనిని ఈసడించిరి. నేను మాత్రము ఆ కేకలో, టిక్కెట్టు కొన్నవాడు నటునితో నేరుగా మాటలాడిన మాటను వినుచున్నాను. పద్యము ముగియకమునుపే ఎవరో లేచి రూపాయి చదివించుట, ఆ చదివింపును రంగముమీదనుండి పేరు పెట్టి చెప్పుట, చెప్పించుకొన్నవాడు ఇంటికిపోయి తిరిగి మరునాడు బంధువులను వెంటబెట్టుకొని వచ్చుట, ఇవన్నియు ఆ సంభాషణలో భాగములే.

ఒక యూర మకాము వేసినప్పుడు సురభి సమాజము నెలల తరబడి నిలుచుచుండెను. దినమొక నాటకము: నేడు మాయాబజారు, రేపు బాలనాగమ్మ, ఎల్లుండి భక్తప్రహ్లాద, ఆపై శ్రీకృష్ణలీలలు, వీరబ్రహ్మముగారి చరిత్ర. చూచినవాడే మరల మరల రావలెనన్నచో ఇట్టి భాండారము తప్పనిసరి. తెరలు, దిమ్మెలు, కప్పీలు, త్రాళ్ళు, కిరీటములు, వంటపాత్రలు, పసిబిడ్డల ఊయెలలు అన్నియు బండ్లమీద ఎక్కించుకొని వచ్చి, ఊరి వెలుపల బయలులో రేకులతో, తడికలతో నాటకశాలను కట్టుకొని, ఊరి ఆదరము సన్నగిల్లిన నాడు దానినంతయు విప్పి, మరల బండ్లమీద కట్టుకొని పోవుచుండిరి. నాటకశాలను కట్టించి యిచ్చు జమీందారు లేని సీమలో పుట్టిన నాటకము కనుక, శాలనే మూటగట్టి మోసికొనిపోవు నేర్పు వారికి అలవడినది. తోలుబొమ్మల పెట్టె మోసిన భుజములకు ఇది క్రొత్త బరువు కాదు.

ఆ శాలలో పరాయివాడు లేడు. వనారస, రేకందార్, ఆవేటి మొదలగు ఇంటిపేర్లవారు పరస్పరము వియ్యమందుకొని, కూతురికి పెండ్లి చేసినప్పుడు అల్లుని చేతిలో ఒక క్రొత్త సమాజము పెట్టి, ఆ విధముగా ఒకటి పదియై, పది ఇరువదియై, మంచికాలమున 30కి పైబడిన సమాజములతో తెలుగుదేశమంతట తిరిగిరి. నెలల బిడ్డ ఊయెలలోని కృష్ణుడగును. అయిదేండ్లవాడు ప్రహ్లాదుడో, లోహితాస్యుడో అగును. మీసము మొలచినప్పుడు అర్జునుడగును. గొంతు బరువెక్కినప్పుడు ధర్మరాజగును. నడుము వంగినప్పుడు తెర లాగుచునో, హార్మోనీ వాయించుచునో మనుమని వేషమును సరిదిద్దును. రంగము వెనుక నిదురించి, రంగము ముందు ఆడుకొని పెరిగిన బిడ్డకు నాటకము నేర్పవలసిన పని యేమున్నది? మాటలు వానికి ముందే వచ్చియుండును. వృత్తిని కుటుంబమే పోషించినది. కుటుంబమును వృత్తి విడిపోనీయలేదు. అయితే దీనికి మూల్యము లేకపోలేదు. ఇల్లొక చోట నిలువదు కనుక బిడ్డలకు బడి చదువు నిలకడగా సాగలేదు. వేరొక జీవనమునకు పోవలెనన్న కోరిక గలవానికి దారి సుగమము కాలేదు. ఆ కష్టమును మరచి సురభివారి కుటుంబజీవనమును పొగడుట నాకు ఇష్టము లేదు.

ఈ కుటుంబ వ్యవస్థవలననే వారు మరియొక మహాకార్యమును సాధించిరి. బళ్ళారి సభలలో ద్రౌపదియైనను, దమయంతియైనను నున్నగా గడ్డము గీసికొన్న యువకుడే. స్త్రీపాత్రలు స్త్రీలే ధరింపవలెనని రాఘవ పట్టుబట్టి, విద్యావతులను రంగమునకు తెచ్చుటకు ఎన్ని నిందలు పడెనో మనకు తెలియును. అంతకు ఎంతో ముందే సురభి రంగముమీద ఇల్లాండ్రు, కూతుండ్రు, కోడండ్రు స్త్రీపాత్రలు ధరించుచుండిరి. తండ్రి హార్మోనీ ముందు కూర్చుండగా, మామ రాజవేషమున నిలువగా, భర్త ఎదుట నాయకుడై యుండగా, ఆ స్త్రీని పల్లెత్తుమాట అనుటకు ఎవనికి నోరు వచ్చును? అంతకన్న లోతైన కారణము బొమ్మలాటలోనిదే. తెర వెనుక సీతకు గొంతునిచ్చినది ఆ తల్లులే. 1885 తరువాత ఆ గొంతు తెరముందుకు వచ్చినది, అంతే. సంఘసంస్కర్తలు ఉపన్యాసములలో వాదించినదానిని ఈ బొమ్మలవారి స్త్రీలు వాదమెరుగకయే ఆచరించి చూపిరి.

కమలాబాయి పుట్టుకనుగూర్చి సురభివారు ఒక కథ చెప్పుకొందురు. నిండు గర్భవతియైన తల్లి దమయంతి వేషమున రంగముమీద నుండగా నొప్పులు వచ్చి, తెర వేసి, ఆ తెరవెనుకనే బిడ్డను కనెననియు, ఇదియు నాటకమున భాగమేయని తలచిన జనము బిడ్డమీద నాణెములు చల్లిరనియు ఆ కథ. ఆ బిడ్డయే పెరిగి పెద్దదై, 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతియై వెండితెరకు మొదటి కథానాయిక అయినది. మాటలాడు బొమ్మ తెలుగునేలకు వచ్చునప్పటికి, వేల జనము నెదుట గొంతు వణకక పాడి, మాటలాడి, అలవాటుపడిన స్త్రీ కావలసివచ్చినప్పుడు, సురభి డేరా తప్ప వెదకుటకు మరియొక చోటు ఎక్కువగా లేకుండెను.

సురభివారి మాయాదృశ్యములను చులకనగా చూచువారు కలరు. నారదుడు గాలిలో తేలివచ్చుట, ఇరువైపుల విడిచిన బాణములు నడిమింట ఢీకొని నిప్పులు రాల్చుట, స్తంభము పగిలి నరసింహుడు వెలువడుట, ఇవి పిల్లలను మభ్యపెట్టు గారడీలని వారి వాదము. తెర వెనుక నిలిచి చూచినచో ఈ వాదము నిలువదు. నారదుడు ఎగురుటకు పైదూలమున కప్పీ, దానిమీద తీగె, తీగెకు ప్రతిభారముగా ఆవలివైపు త్రాడు పట్టుకొని నిలిచిన ఇద్దరు దాయాదులు. నారదుడు పాడు చరణము నడకనుబట్టి వారు త్రాడును వదలవలెను. ఒక్క తాళము ముందైనచో ముని జారిపడును, వెనుకైనచో జనము త్రాటిని చూచును. ప్రాణమును అన్నదమ్ముల చేతిలోని త్రాటికి అప్పగించి చిరునవ్వుతో పాడగలుగుట గారడీ యనిపించుకొనదు. ఇచ్చటను బొమ్మలాటవాని చేయే కనబడుచున్నది: నిన్నటిదాక వెదురుబద్దతో తోలునారదుని ఎగురవేసినవాడే నేడు త్రాటితో మేనల్లుని ఎగురవేయుచున్నాడు.

సురభి సమాజములు మకాము లేపి పోయిన తరువాత ఆ యూళ్ళలో మిగిలినదానిని కూడ లెక్కింపవలెను. కర్నూలు, కడప మండలముల పల్లెలలో నాటకమాడని గ్రామము అరుదుగా నుండెను. సేద్యపు పని తీరినప్పుడు పదిమంది రైతులు కూడి, హార్మోనీ మాస్టరును పిలిపించి, అన్నము పెట్టి, జీతమిచ్చి, రాత్రులు పెట్రోమాక్సు వెలుగున హరిశ్చంద్రనో, కురుక్షేత్రమునో నేర్చికొని, ఉగాదికో, శ్రీరామనవమికో, తిరునాళ్ళకో ఆడుచుండిరి. అక్షరము రానివాడు సైతము వందపద్యములు వల్లించి, కృష్ణరాయబారమున కృష్ణుడై నిలుచుచుండెను. ఆ మాస్టరుల వృత్తిని గూర్చి ఎవరును గ్రంథము వ్రాయలేదని చింత. ఊరినుండి ఊరికి హార్మోనీ పెట్టెతో నడిచిపోయిన ఆ గురువులు లేనిచో రాయలసీమ రైతునకు పద్యము ఇంత చేరువగా ఉండెడిది కాదు.

చలనచిత్రము వచ్చి, సురభినుండి నటులను తీసికొన్నది. పిదప ప్రేక్షకులను తీసికొన్నది. దూరదర్శనము మిగిలినవారిని ఇంటనే కూర్చుండబెట్టినది. సమాజములు ఒకటొకటిగా తెరలు చుట్టివేయగా, నేడు చేతివ్రేళ్ళపై లెక్కింపదగినవి మాత్రము మిగిలినవి. వానిలో 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి ప్రధానమైనది. దానిని చిరకాలము నడపిన రేకందార్ నాగేశ్వరరావు, లోకమునకు సురభి బాబ్జీ, 2013లో పద్మశ్రీ పురస్కారము నందుకొనెను; 2022లో స్వర్గస్థుడాయెను. 1990ల దశకమున కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ సురభివారితో కలిసి పనిచేసి, ‘భీష్మ’, ‘చండీప్రియ’ నాటకములతోపాటు జర్మను నాటకకర్త బ్రెఖ్టు రచనకు అనువర్తనమైన ‘బస్తీ దేవత యాదమ్మ’ నాడించెను. పురాణము తప్ప ఎరుగరన్న నటులు బ్రెఖ్టును సైతము తమ గొంతులో పలికించిరి.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని లలితకళాతోరణమున వారాంతములలో వారు ఆడిన ఆటలకు, నగరమున స్థిరపడిన మన సీమవారు బిడ్డలను వెంటబెట్టుకొని పోయిరి. కడప మండలమున మాత్రము, ఆ వృత్తికి పేరిచ్చిన నేలమీద, వారి కప్పీలకును త్రాళ్ళకును తగినంత ఎత్తుగల పైదూలముతో, పక్కల తెరలు జారుటకు చాలినంత చోటుతో ఒక రంగస్థలమును కట్టించి, ఏటికొక మాసము మకాము వేయుడని వారిని ఆహ్వానించు బాధ్యత ఆ మండల ప్రజలకు, పాలకులకు కలదు. ఊరిపెద్దలు ఒక పెండ్లినాడు పిలిచినందుకే ఆ నాటకము పుట్టినది. పిలుపు నేటికిని ఊరివంతే.